జర్మన్ నేర్చుకుందాం – 14వ పాఠం: పదిన్నరకు వెళ్ళినవాళ్ళ కోసం

వాక్యంలో క్రియ ఎక్కడ కూర్చోవాలో ఈసారి చెబుతానని మాటిచ్చాను. కుదరదు. ముందు "హల్ప్" గొడవ తేలాలి. పోయిన పాఠంలో టైమ్ చెప్పడాన్ని ఒక్క పేరాలో లాగించేశాను, తప్పు నాదే. ఆ పేరా చదువుకుని శనివారం మ్యూనిక్ బీరు జాతర అక్టోబర్‌ఫెస్ట్‌కు బయల్దేరిన నలుగురు కుర్రాళ్ళలో ఇద్దరు బీరు డేరా లోపల, ఇద్దరు బయట మిగిలారు.

జరిగిందేమిటంటే, వాళ్ళతో పనిచేసే జర్మన్ కుర్రాడు "హల్ప్ త్సేన్‌కి బవారియా విగ్రహం కింద కలుద్దాం" అన్నాడు. 1850లో నిలబెట్టిన ఆ కంచు విగ్రహం జాతర మైదానం పక్కన గట్టు మీద ఉంటుంది, ఎంత జనంలో ఉన్నా కనబడుతుంది. కాబట్టి చోటు విషయంలో తకరారు లేదు. హల్ప్ అంటే సగం, త్సేన్ అంటే పది. ఇద్దరు పదిన్నరకు తీరిగ్గా దిగారు. అప్పటికి మిగతావాళ్ళు గంట సేపు చూసి లోపలికి వెళ్ళిపోయారు. వీళ్ళు వెళ్ళేసరికి డేరా తలుపు దగ్గర "వేగెన్ ఊబర్‌ఫ్యులుంగ్ గెష్లొసెన్" అని బోర్డు. జనం నిండిపోయారు కాబట్టి మూసేశాం అని. మన హౌస్‌ఫుల్ బోర్డే, బ్లాకులో టికెట్ మాత్రం దొరకదు.

హల్ప్ త్సేన్ అంటే తొమ్మిదిన్నర. పదిన్నర కాదు.

మనం అయిపోయిన గంట చెప్పి దానికి అర కలుపుతాం: తొమ్మిదిన్నర. హైదరాబాద్‌వాళ్ళు అలవాటుగా అనే "సాడే నౌ" కూడా అంతే. జర్మన్లు నడుస్తున్న గంట చెబుతారు. ఇది మనకు కొత్తేం కాదు. "మావాడికి పదో ఏడు నడుస్తోంది" అంటాం కదా, అంటే వాడికి తొమ్మిది నిండాయనేగా? అలాగే తొమ్మిది దాటగానే పదో గంట మొదలైంది. అందులో సగం గడిస్తే హల్ప్ త్సేన్. పదో ఏడు గుర్తుపెట్టుకోండి, ఇంకేమీ అక్కర్లేదు.

హల్ప్ ఆఖ్ట్ ఏడున్నర. హల్ప్ త్స్వోల్ఫ్ పదకొండున్నర. హల్ప్ ఐన్స్ పన్నెండున్నర, దీనికి మాత్రం ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఫ్యున్ఫ్ ఫోర్ హల్ప్ త్సేన్ అంటే ఆ సగానికి ఐదు నిమిషాల ముందు, 9:25. ఫ్యున్ఫ్ నాఖ్ హల్ప్ త్సేన్ 9:35. స్టుట్‌గార్ట్ వైపు ఉన్నవాళ్ళకు ఇంకో తద్దినం ఉంది: అక్కడ "ఫిర్టెల్ త్సేన్" అంటారు. పదో గంటలో పావు, అంటే 9:15. "డ్రైఫిర్టెల్ త్సేన్" ముప్పావు, 9:45. పదో ఏడు సూత్రం అన్నిటికీ పనిచేస్తుంది.

"ఇదంతా ఎందుకండీ, నొయ్న్ ఊర్ డ్రైసిక్ (తొమ్మిది గంటల ముప్ఫై) అంటే పోలా, రైల్వే స్టేషన్లో అలాగే అంటారు" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అడుగుతారు. ఈ తెలివి చూస్తే నాకు చిరాకు. మీరు చెప్పేటప్పుడు తప్పించుకోవచ్చు. అవతలివాడు చెప్పేటప్పుడు ఎలా తప్పించుకుంటారు?

శని, ఆదివారాల్లో డేరాలు పొద్దున తొమ్మిదికే తెరుస్తారు. బల్ల దగ్గర చోటు దొరికితేనే బీరు పోస్తారు, నిలబడినవాళ్ళకు పోయరు. అందుకే ఆ గంట అంత ముఖ్యం. బ్యాగు ఇంట్లో పెట్టి వెళ్ళండి, మూడు లీటర్లకు మించినదాన్ని మైదానంలోకే రానివ్వరు.

లోపలికి వెళ్ళాక మొదటి మాట: "సింట్ హియర్ నొఖ్ ఫియర్ ప్లెట్సె ఫ్రై?" ఇక్కడ నలుగురికి చోటుందా అని. ఫ్రై అంటే ఖాళీ, చికెన్‌తో సంబంధం లేదు. చికెన్ కావాలంటే "ఐన్ హల్బెస్ హెండ్ల్". ఇక్కడ హల్బెస్ నిజంగానే సగం: సగం కోడి. కోడిని సగం చేసినవాళ్ళు పదిని ఎందుకు చేయలేదని నన్నడక్కండి.

బీరు అడగడానికి "ఐనె మస్, బిట్టె". లీటరు గ్లాసును మస్ అంటారు, హ్రస్వంగా. దీర్ఘం తీసి "మాస్" అంటే బవేరియావాళ్ళు మిమ్మల్ని ఉత్తరాదివాళ్ళనుకుంటారు. రెండైనా ఐదైనా బహువచనం లేదు: త్స్వై మస్, ఫ్యున్ఫ్ మస్. 2025లో ఒక్కోటి 14.50 నుంచి 15.80 యూరోల దాకా ఉంది. పైగా మామూలు బీరు కంటే ఘాటు, సుమారు ఆరు శాతం. నాకు ఒకటే ఎక్కువ, రెండోసారి ష్పేట్సి చెప్పేస్తాను. కోలా, ఆరెంజ్ కలిపిన డ్రింకు అది. అడిగినందుకు ఎవరూ వింతగా చూడరు. డబ్బు నోట్ల రూపంలో పెట్టుకోండి, గ్లాసులు బల్ల మీద పెట్టగానే ఇచ్చేయాలి. రెండింటికి 31.60 అయితే "ఫ్యున్ఫ్ ఉంట్ డ్రైసిక్" అని 35 ఇస్తే చిల్లర టిప్పు కింద పోతుంది. ఐదు ముందు, ముప్ఫై తర్వాత. తిరగేసి విని 53 ఇచ్చినవాడిని నేనెరుగుదును. ఆ మహానుభావుడు నేనే.

ప్రోస్ట్ (అంటే చీర్స్) అన్నప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడండి. గ్లాసు వైపు కాదు.

అభ్యాసం: కాగితం, ఫోను వద్దు. కూర తరుగుతూ పొద్దున ఆరు నుంచి పదిన్నర దాకా ప్రతి ఐదు నిమిషాలకూ టైమ్ పైకి చెప్పండి. మొత్తం 55 వస్తాయి. ఎక్కడ తడబడితే అక్కణ్ణుంచి కాదు, మళ్ళీ ఆరు నుంచే. అది పూర్తయ్యాక రూమ్మేట్‌ను హల్ప్ నొయ్న్‌కి నిద్ర లేపమనండి. ఎన్నింటికి లేపాడో నాకు రాయండి. క్రియ సంగతి ఆ తర్వాత.