మూర్ఛ ఆపరేషన్ అయ్యాక పదేళ్ల నోటుపుస్తకం

వేలూరులోనో హైదరాబాదులోనో మూర్ఛకు ఆపరేషన్ చేయించుకుని తిరుపతికి తిరిగొచ్చాక ముందుగా రెండొందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొనండి. ఈ ఆపరేషన్ ఫలితం నెలలో తేలేది కాదు. లండన్‌లో 615 మందిని ఏళ్ల తరబడి గమనించి 2011లో లెక్క చెప్పారు: ఆరాలను (తెలివి ఉండగానే వచ్చి సర్దుకునే చిన్న ఫిట్స్‌ను) పక్కనపెడితే, ఫిట్స్ లేకుండా ఐదేళ్లు గడిపినవాళ్లు 52 శాతం, పదేళ్లు గడిపినవాళ్లు 47 శాతం. ఫిట్స్ రాని కాలం పెరిగేకొద్దీ మళ్లీ వచ్చే భయం తగ్గుతూ పోయింది.

ఫిట్స్ వస్తే పుస్తకంలో తేదీ, టైము, ఎంతసేపు ఉంది, ఏ పక్క చెయ్యి బిగిసింది, పిలిస్తే పలికారా, ముందురాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, ఏ పూట మాత్ర తప్పింది అన్నవి రాయండి. కుదిరితే ఫోన్లో వీడియో తీయండి. ఆరాలకు వేరే పేజీ పెట్టాలి. కడుపులోంచి ఏదో గొంతులోకి ఎగదన్నినట్టయి, తెలివి ఉండగానే సర్దుకుంటే అది ఆరా. ఆపరేషన్ ఫలితం చూడటానికి డాక్టర్లు వాడే ఎంగెల్ కొలతలో అవి మాత్రమే మిగిలినవాళ్లు కూడా మొదటి తరగతిలోనే, అంటే అన్నిటికన్నా మంచి ఫలితంలోనే ఉంటారు. అన్నీ ఒకేచోట రాస్తే బాగున్న మనిషి కూడా బాగాలేనట్టు కనిపిస్తాడు. ఆపరేషన్ తర్వాత తొలి వారాల్లో వచ్చే ఫిట్స్‌ను ఆ కొలత పట్టించుకోదు. అయినా డాక్టరుకు చెప్పాల్సిందే.

మాత్రల దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. ‘తల కోసి తీసేశారు కదా, ఇంకా మాత్రలెందుకు?’ అని సొంతంగా ఆపేస్తారు. మామూలుగా ఏడాది, రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాకే, అదీ ఒక్కో మందు చొప్పున, నెలల తరబడి మెల్లగా తగ్గిస్తారు. కొందరికి ఎప్పటికీ ఒక మాత్ర ఉండిపోతుంది. దాన్ని ఓటమి అనుకోనక్కర్లేదు. పది రోజుల మాత్రలు ఎప్పుడూ ఇంట్లో మిగిలి ఉండాలి.

కొండకు వెళ్లేటప్పుడు మాత్రలు సంచిలో వద్దు. అలిపిరిలో సంచి లగేజీ కౌంటరుకు పోతుంది, మీరు కంపార్టుమెంటులో కూర్చుంటారు, రాత్రి మాత్ర టైము దాటిపోతుంది. రెండు పూటల మాత్రలు చొక్కా జేబులో పెట్టుకోండి. ఆ రాత్రి నిద్ర కూడా ఉండదు కాబట్టి ప్రమాదం ఇంకా పెరుగుతుంది. పుష్కరిణిలో ఒంటరిగా మునగొద్దు. ఏకాదశి ఉపవాసమైనా మాత్ర మాత్రం నీళ్లతో వేసుకోవాలి.

ఎడమ టెంపొరల్ లోబ్ (చెవి పక్కనుండే మెదడు భాగం) తీసినవాళ్లకు పేర్లు, మాటలు వెంటనే నోటికి రాకపోవచ్చు. చూపులో పైమూల ఒకటి తగ్గొచ్చు, అది మనిషికే తెలియదు. కంటి పరీక్ష చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే బండి సంగతి. లైసెన్సుకిచ్చే ఫారం 1లో మూర్ఛ గురించి సూటిగా అడుగుతారు. మొదటి నెలల్లో దిగులు పట్టుకుంటే దాన్నీ పుస్తకంలో రాసి డాక్టరుకు చూపించండి.

ఫిట్స్ మళ్లీ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. తేరుకున్నాక ముందు చూడాల్సింది మాత్రల స్ట్రిప్పు: ఎన్ని మిగలాలి, ఎన్ని మిగిలాయి?