విద్యార్థులకు ఇల్లు అద్దెకిచ్చే ముందు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసిందంటే తిరుపతిలో బాలాజీ కాలనీ, భవానీ నగర్ వీధుల్లో టు-లెట్ బోర్డుకు ఎక్కువ రోజులు పని ఉండదు. అంత గిరాకీలో తొందరపడి అడ్వాన్సు తీసుకోకండి. మాట్లాడుకోవలసినవన్నీ అంతకు ముందే మాట్లాడుకోవాలి.

మొదటి సంవత్సరంలో చేరే పిల్లల్లో చాలామందికి పదిహేడేళ్లే. 18 నిండని వారి సంతకంతో రాసుకున్న ఒప్పందం చెల్లదు. ‘నాన్నగారు ఊళ్లో లేరు, ఫోనులో మాట్లాడండి అంకుల్’ అంటే సరేననకండి. నలుగురు దిగుతుంటే నాలుగు ఇళ్ల పెద్దలూ వచ్చి సంతకం చేయాలి. ఒకడు మధ్యలో వెళ్లిపోతే వాడి వాటా ఎవరు కట్టాలో కూడా రాయించండి. గడువు మామూలుగా 11 నెలలకే రాసుకుంటారు.

అసలు తగాదా కరెంటు దగ్గర వస్తుంది. 1500 వాట్ల హీటర్ రాడ్ నలభై నిమిషాలు వాడితే ఒక యూనిట్. నలుగురు తలా ఇరవై నిమిషాలు బకెట్లో పెట్టినా నెలకు 60 యూనిట్లు. వాడకం పెరిగే కొద్దీ యూనిట్ ధరా పెరుగుతుంది కాబట్టి మీ ఇంటికీ వాళ్లకూ ఒకే మీటరు ఉంటే ఆ భారం మీ మీదా పడుతుంది. విడి మీటరు పెట్టించండి. రాడ్ ఆపకుండా నీళ్లలో చెయ్యి పెట్టే పిల్లలుంటారు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ముప్ఫై మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించడానికి వెనకాడవద్దు. రోడ్డు పక్క గ్యాస్ నింపే చిన్న సిలిండర్లను గడప దాటనివ్వకండి.

ఇది తిరుపతి కనుక ఇంకో చిక్కు ఉంది. బ్రహ్మోత్సవాలకూ వైకుంఠ ఏకాదశికీ ప్రతి కుర్రవాడికీ బంధువులు పుట్టుకొస్తారు. అమ్మానాన్నలు వచ్చి రెండు రోజులుంటే కాదనడం అన్యాయం. భక్తులకు గది ఇచ్చి డబ్బు తీసుకోవడం వేరే సంగతి; కుదరదని ఒప్పందంలోనే రాయండి. రాత్రి ఎన్నింటికి వస్తున్నారో కాపలా కాయడం మాత్రం మీ పని కాదు.

అక్టోబరు నుంచి వానలు. అంతకు ముందే మేడ మీది వాన నీటి గొట్టాల్లో చెత్త తీయించండి, పిట్టగోడ గట్టిగా ఉందో లేదో చూసుకోండి. సాయంత్రాలు వాళ్లు కూర్చునేది దాని మీదే.

తాళాలిచ్చే రోజు గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు, మీటరు రీడింగు వీడియో తీసి తల్లిదండ్రులకు వాట్సాప్‌లో పంపండి. ఖాళీ చేసేటప్పుడు రంగులకు అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారో ఆ మెసేజ్‌లోనే మరోసారి చెప్పేయండి.