సబ్‌అవార్డా, కొనుగోలా? బడ్జెట్ రాసే ముందే తేల్చుకోండి

కొత్త ఆర్01 గ్రాంటు (పరిశోధకుడు ప్రతిపాదించే ప్రాజెక్టుకు ఇచ్చే ప్రధాన గ్రాంటు) దరఖాస్తులకు అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ ఏటా ఫిబ్రవరి 5, జూన్ 5, అక్టోబర్ 5 తేదీలను గడువులుగా పెట్టింది. ఆ తేదీలకు ముందు రెండు మూడు వారాలు అమెరికా విశ్వవిద్యాలయాల్లో గ్రాంట్ల పని చూసేవారికి ఊపిరి సలపదు. ఆ ఒత్తిడిలో ప్రధాన పరిశోధకుల నుంచి తరచుగా వచ్చే మాట ఒకటుంది: "పక్క రాష్ట్రంలోని ల్యాబుకు ఏడాదికి 1,20,000 డాలర్లు ఇవ్వాలి, బడ్జెట్‌లో ఎక్కడో ఒకచోట వేయండి." ప్రమాదం ఆ "ఎక్కడో ఒకచోట" దగ్గరే మొదలవుతుంది. ఆ మొత్తాన్ని సబ్‌అవార్డు (గ్రాంటు పనిలో కొంత భాగం చేయడానికి మరో సంస్థకు ఇచ్చే నిధి) వరుసలో వేస్తే ఒక రకమైన బాధ్యతలు, వెండరు (వస్తువులో సేవలో అమ్మే సంస్థ) సేవల వరుసలో వేస్తే పూర్తిగా వేరే రకమైన బాధ్యతలు వస్తాయి. తప్పు వరుసలో వేసిన సంగతి రెండు మూడేళ్ల తరువాత ఆడిట్‌లో బయటపడితే దాన్ని సరిదిద్దడం ఎంతో కష్టం. ఈ పనిలో ఉన్న తెలుగువారు, కొత్తగా సొంత గ్రాంటుకు సిద్ధమవుతున్న తెలుగు పరిశోధకులు చాలామందే ఉన్నారు కనుక, గడువు మీద పడకముందే చూసుకోవలసిన సంగతులను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఫెడరల్ గ్రాంట్లన్నింటికీ ఆధారమైన నిబంధనావళిని యూనిఫాం గైడెన్స్ అంటారు. 2014 డిసెంబర్ 26 నుంచి అమలులో ఉన్న ఈ నిబంధనల్లో మనకు కావలసిన భాగం 2 సీఎఫ్ఆర్ (ఫెడరల్ నిబంధనల సంకలనం) 200.331. 2020 నవంబరులో జరిగిన సవరణకు ముందు ఇదే భాగం 200.330 సంఖ్యతో ఉండేది. అందువల్ల పాత చెక్‌లిస్టు చేతికి వస్తే సంఖ్య చూసి కంగారు పడనక్కరలేదు, కానీ అందులోని డాలర్ పరిమితులను మాత్రం నమ్మవద్దు. 2024 అక్టోబర్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణలు వాటిలో చాలావాటిని మార్చాయి.

ఈ భాగంలో గుండెకాయ లాంటి వాక్యం ఒకటే: ఒప్పందం ఏ రూపంలో ఉందన్నది కాదు, ఇరుపక్షాల మధ్య ఉన్న సంబంధం అసలు స్వభావం ఏమిటన్నదే ముఖ్యం. కాగితం మీద "సేవల ఒప్పందం" అని రాసినంత మాత్రాన పరిశోధన సేవగా మారదు, అలాగే "సహకార ఒప్పందం" అని పేరు పెట్టినంత మాత్రాన పరీక్ష గొట్టాల సరఫరా పరిశోధన కాదు.

మరి స్వభావాన్ని ఎలా గుర్తించాలి? అవతలి సంస్థ గ్రాంటు లక్ష్యాల్లో కొంత భాగాన్ని తన భుజాన వేసుకుని, ఏ పద్ధతిలో చేయాలో తానే నిర్ణయిస్తూ, ఆ లక్ష్యం నెరవేరిందా లేదా అన్న దానితోనే తన పనితీరును కొలిపించుకుంటూ, గ్రాంటు షరతులకు తాను కూడా కట్టుబడి ఉంటే, అది సబ్‌రెసిపియెంట్, దానికి వెళ్లేది సబ్‌అవార్డు. అలా కాక, అదే వస్తువునో సేవనో పదిమందికీ అమ్ముతూ, పోటీ ఉన్న మార్కెట్‌లో, తన మామూలు వ్యాపారంలో భాగంగా, ప్రాజెక్టుకు అనుబంధంగా మాత్రమే అందిస్తే, అది కాంట్రాక్టరు, అంటే మనం వాడుకలో అనే వెండరు. ఈ లక్షణాలన్నీ ప్రతి సందర్భంలోనూ ఒకేచోట కనిపించవని నిబంధన తానే ఒప్పుకుంటుంది, విచక్షణ వాడమంటుంది. ఎన్ని గడుల్లో టిక్కు పడిందో లెక్కపెట్టి మెజారిటీ ప్రకారం తీర్పు చెప్పడం విచక్షణ కాదు. నిర్ణయాధికారం ఎవరి చేతిలో ఉందన్న ఒక్క ప్రశ్న మిగతావాటన్నిటి కన్నా బరువైనదని నా అనుభవం.

జన్యుక్రమాన్ని చదివే సీక్వెన్సింగ్ కేంద్రాన్నే తీసుకుందాం. మీరు 400 నమూనాలు పంపుతారు, వారు నమూనాకు ఇంత అని ప్రకటించిన ధర ప్రకారం చదివి, ఫైళ్లు తిరిగి పంపుతారు. ఆ కేంద్రం ఎంత పేరున్న విశ్వవిద్యాలయంలో ఉన్నా ఇది కొనుగోలే. అదే కేంద్రంలోని శాస్త్రవేత్త ఏ నమూనాలు ఎంచాలో నిర్ణయించి, విశ్లేషణ పద్ధతిని రూపొందించి, ఫలితాలకు అర్థం చెప్పి, వ్యాసంలో సహరచయితగా నిలబడేటట్టయితే, యంత్రమూ గదీ ధరా మారకపోయినా అది సబ్‌అవార్డు అవుతుంది. ఒకే సంస్థ ఒకే గ్రాంటులో ఒక పనికి వెండరుగా, మరో పనికి సబ్‌రెసిపియెంటుగా ఉండవచ్చు, అప్పుడు రెండు వేర్వేరు ఒప్పందాలు రాయాలి. గ్రామాల్లో ఇంటింటి సర్వేకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. మీరిచ్చిన ప్రశ్నావళిని మీరు చెప్పిన ఇళ్లలో అడిగి సమాచారం అప్పగించే సర్వే కంపెనీ వెండరు. ఎవరిని ఎంచాలి, ఏం అడగాలి అన్నవాటిలో నిర్ణయం తీసుకునే బృందం సబ్‌రెసిపియెంట్.

ఇక్కడ మూడు అపోహలు తరచుగా దారి తప్పిస్తాయి. విశ్వవిద్యాలయమైతే సబ్‌అవార్డు, కంపెనీ అయితే వెండరు అనుకోవడం మొదటిది. లాభాపేక్ష గల కంపెనీ కూడా సబ్‌రెసిపియెంట్ కావచ్చు. మొత్తం చిన్నది కాబట్టి కొనుగోలే అనుకోవడం రెండోది. ఈ నిర్ణయంలో మొత్తానికి పాత్ర లేదు, 8,000 డాలర్ల సబ్‌అవార్డూ ఉంటుంది, 8,00,000 డాలర్ల కొనుగోలూ ఉంటుంది. ధర ముందే స్థిరపడింది కాబట్టి కొనుగోలే అనుకోవడం మూడోది. స్థిరమొత్తపు సబ్‌అవార్డులను నిబంధనలే అనుమతిస్తున్నాయి, నిధులిచ్చే ఏజెన్సీ ముందస్తు రాతపూర్వక అనుమతితో ఇప్పుడు 5,00,000 డాలర్ల వరకు అలా ఇవ్వవచ్చు.

డబ్బు లెక్క దగ్గర కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే ఆడిటర్ల కన్ను మొదట పడేది అక్కడే. పరోక్ష ఖర్చులను (భవనాలు, కరెంటు, కార్యాలయ పని వంటి ఉమ్మడి ఖర్చులను) చాలా విశ్వవిద్యాలయాలు సవరించిన మొత్తం ప్రత్యక్ష ఖర్చుల మీద, అంటే ప్రాజెక్టు ప్రత్యక్ష ఖర్చుల్లోంచి కొన్నిటిని తీసివేయగా మిగిలిన మొత్తం మీద, శాతంగా లెక్కిస్తాయి. ఆ మొత్తంలోకి ప్రతి సబ్‌అవార్డు నుంచి మొదటి 50,000 డాలర్లు మాత్రమే వస్తాయి, 2024 సవరణకు ముందు ఇది 25,000. వెండరు సేవలైతే మొత్తం చేరుతుంది. మొదట చెప్పిన పక్క రాష్ట్రం ల్యాబుకు మూడేళ్లలో వెళ్లేది 3,60,000 డాలర్లు, మీ సంస్థ పరోక్ష ఖర్చుల రేటు 55 శాతం అనుకుందాం. సబ్‌అవార్డుగా వేస్తే దాని మీద మీ సంస్థకు వచ్చే పరోక్ష ఖర్చు 27,500 డాలర్లు. వెండరు సేవగా వేస్తే 1,98,000. తేడా 1,70,500 డాలర్లు. నిజానికి సబ్‌అవార్డు కావలసిన పనిని వెండరు వరుసలో వేస్తే, ఎవరికీ దురుద్దేశం లేకపోయినా, ఆ తేడా అంతా ప్రభుత్వం నుంచి అదనంగా వసూలు చేసినట్టే లెక్కకు వస్తుంది. తిరిగి చెల్లించమంటే అది గ్రాంటులో నుంచి కాదు, విభాగం సొంత నిధుల్లో నుంచి పోవాలి. పరోక్ష ఖర్చుల రేటు మీద ప్రభుత్వంతో మీ సంస్థకున్న ఒప్పందంలో ప్రస్తుతం ఏ పరిమితి రాసి ఉందో బడ్జెట్ వేసే ముందే తెరిచి చూడండి.

వెండరే అని తేలితే పోటీ నియమాలు పాటించాలి. ఫెడరల్ కొనుగోళ్ల పరిమితులు 2025 అక్టోబర్ 1న పెరిగాయి: సూక్ష్మ కొనుగోలు పరిమితి 10,000 నుంచి 15,000 డాలర్లకు, సరళీకృత కొనుగోలు పరిమితి 2,50,000 నుంచి 3,50,000 డాలర్లకు చేరాయి. అయితే మీ సంస్థ సొంత నియమం ఇంతకన్నా కఠినంగా ఉంటే దానినే పాటించాలి. మొదటి పరిమితి దాటితే ఒకటికి మించి కొటేషన్లు, రెండోది దాటితే బహిరంగ ప్రకటనతో టెండరు. దరఖాస్తులో ఒక కంపెనీ పేరు రాశాం కాబట్టి పోటీ అక్కరలేదని పరిశోధకులు నమ్ముతూ ఉంటారు. కేవలం పేరు రాయడం ఆ మినహాయింపు ఇవ్వదు. మరో జాగ్రత్త ఏమిటంటే, కొనవలసిన సేవకు వివరణను ఏ కంపెనీ తయారు చేసి ఇచ్చిందో ఆ కంపెనీ అదే కొనుగోలులో పోటీ పడకూడదు. ఒక సందర్భంలో వెండరు పంపిన వివరణనే మా బృందం యథాతథంగా టెండరులో అతికించింది. ఆ సంగతి సంతకాల ముందు రోజు గమనించడంతో మొత్తం ప్రక్రియను మొదటి నుంచి మళ్లీ నడపవలసి వచ్చింది, మూడు నెలల ప్రయోగాలు ఆగిపోయాయి.

సబ్‌అవార్డు అయితే పోటీ ఉండదు, కానీ ఆ తరువాత భారమంతా అదే నిబంధనావళిలోని 200.332 భాగం కింద మీ మీద పడుతుంది. ఒప్పందంలో ఫెడరల్ అవార్డు సంఖ్య, సబ్‌రెసిపియెంట్ యూఈఐ (ప్రభుత్వం ప్రతి సంస్థకూ ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య), పరోక్ష ఖర్చుల రేటు వంటి వివరాలు తప్పక ఉండాలి. సంతకానికి ముందే ఆ సంస్థ రిస్కును అంచనా వేయాలి. ఏడాదికి 10,00,000 డాలర్లు లేదా అంతకు మించి ఫెడరల్ నిధులు ఖర్చు చేసే లాభాపేక్ష లేని సంస్థ అయితే దాని సింగిల్ ఆడిట్ (ఫెడరల్ నిధులన్నిటినీ కలిపి ఏటా చేసే ఆడిట్) నివేదికను చూడాలి. లాభాపేక్ష గల కంపెనీలకు సింగిల్ ఆడిట్ నియమం వర్తించదు కాబట్టి, వారి లెక్కలను ఎలా పరిశీలిస్తారో ఒప్పందంలోనే రాసుకోవాలి. 30,000 డాలర్లు లేదా అంతకు మించిన సబ్‌అవార్డులను ఇచ్చిన నెల తరువాతి నెలాఖరులోగా ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. బిల్లుల మీద సంతకం పెట్టే ప్రధాన పరిశోధకుడు ఆ కాలంలో నిజంగా పని జరిగిందో లేదో తెలుసుకున్నాకే పెట్టాలి. పర్యవేక్షణలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఈ ఒక్క సంతకమే.

మేధాహక్కుల సంగతి చాలామందికి చివరిదాకా గుర్తుకు రాదు. ఫెడరల్ నిధులతో పుట్టిన ఆవిష్కరణల హక్కులు ఎవరివో చెప్పే బే–డోల్ చట్టం కింద ఉన్న ప్రామాణిక షరతు ప్రకారం, పరిశోధన పని ఇచ్చే ప్రధాన సంస్థ ఆ పని ఇవ్వడానికి బదులుగా అవతలి సంస్థ ఆవిష్కరణల మీద హక్కులు అడగకూడదు. కొనుగోలు ఆర్డర్ల వెనక అచ్చువేసే మామూలు షరతుల్లో మాత్రం "ఈ పనిలో పుట్టిందంతా కొనుగోలుదారుదే" అని ఉంటుంది. పరిశోధనను పర్చేజ్ ఆర్డరులో పంపితే ఆ రెండూ ఢీకొంటాయి. ఎన్ఐహెచ్ నిధులకు సంబంధించిన ఆర్థిక ప్రయోజన సంఘర్షణ నియమాలు (పరిశోధకుల సొంత ఆర్థిక ప్రయోజనాలను వెల్లడించమనేవి) సబ్‌రెసిపియెంట్ పరిశోధకులకూ వర్తిస్తాయి. వెండరుగా పేరు పెడితే ఆ వెల్లడింపులు ఎవరూ అడగరు, అడగవలసిన చోట అడగకపోవడం తరువాత సంస్థ తప్పుగా మిగులుతుంది.

హైదరాబాద్, విశాఖపట్నం వంటి చోట్ల ఉన్న ల్యాబులతో కలిసి పనిచేసేవారు ఇప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలి. విదేశీ సబ్‌రెసిపియెంట్లు ప్రయోగ నోటుపుస్తకాలను, డేటాను కనీసం ఏడాదికొకసారి ప్రధాన సంస్థకు అందుబాటులో ఉంచాలని 2024 నుంచి ఎన్ఐహెచ్ నియమం ఉంది. 2025 మే 1న మరో అడుగు వేసి, కొత్త విధానం సిద్ధమయ్యే వరకు విదేశీ సబ్‌అవార్డులున్న గ్రాంట్లు ఇవ్వబోమని ఎన్ఐహెచ్ ప్రకటించింది. దాని తరువాతి మార్పులను దరఖాస్తు వేసే రోజున మళ్లీ సరిచూసుకోవాలి. ఆ ప్రకటన తరువాత సబ్‌అవార్డును పేరు మార్చి "సేవల కొనుగోలు"గా రాద్దామన్న ఆలోచన కొందరికి వస్తుంది. ఉద్దేశం ఎంత మంచిదైనా, ఆ పని దయచేసి చేయవద్దు. స్వభావమే ముఖ్యమన్న నిబంధన అప్పుడు మీకే ఎదురు తిరుగుతుంది, అవతల ఉన్న భారతీయ సంస్థ కూడా చిక్కులో పడుతుంది.

ఆ చిక్కు భారత చట్టంలో ఉంది. లాభాపేక్ష లేని భారతీయ సంస్థకు అమెరికా నుంచి సబ్‌అవార్డుగా వచ్చే సొమ్ము సాధారణంగా ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద విదేశీ విరాళం కిందికి వస్తుంది. దానికి రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ కావాలి, సొమ్ము ముందుగా న్యూఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ఖాతాలోకే రావాలి, 2020 సవరణ తరువాత దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు. వ్యాపార సేవకు ప్రతిఫలంగా వచ్చే సొమ్ముకు మాత్రం ఈ షరతులు వర్తించవు. ఇక్కడ మీరు వేసిన వరుస అక్కడ చట్టపరమైన ప్రశ్న అవుతుంది. అందువల్ల ఒప్పందం పంపే ముందే అక్కడి సంస్థ ఆర్థిక అధికారిని, వారి చార్టర్డ్ అకౌంటెంటును సంప్రదించాలి.

ఇక చేయవలసిన పని చిన్నదే. గడువుకు కనీసం నెల ముందు ప్రతి బయటి సంస్థకు ఒక పేజీ నోటు రాయండి. వారు ఏం చేస్తారు, ఏ నిర్ణయాలు వారివి, ఏవి మీవి, అదే పని ఇంకెవరు అమ్ముతున్నారు, చివరికి మీ తీర్పు ఏమిటి, ఎందుకు అన్నవి పరిశోధకుడి మాటల్లోనే ఉండాలి. టిక్కుల ఫారం ఉన్నా దాని వెనక ఈ పేజీ తప్పక చేర్చండి, తేదీ వేసి పరిశోధకుడూ, గ్రాంట్ల పని చూసేవారూ ఇద్దరూ సంతకం చేయండి. అవార్డు వచ్చాక దరఖాస్తులో లేని కొత్త సబ్‌అవార్డు అవసరమైతే, ఎన్ఐహెచ్‌తో గానీ ఎన్ఎస్ఎఫ్‌తో (నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌తో) గానీ ముందస్తు అనుమతి విషయం తేల్చుకోకుండా పని మొదలుపెట్టవద్దు. వెండరుగా మొదలైన ల్యాబు రెండో ఏడాదిలో ప్రయోగాల రూపకల్పనలో పాలుపంచుకోవడం మొదలుపెడితే, ఆ సంగతి తెలిసిన రోజునే నోటు తిరిగి తెరిచి, అక్కడి నుంచి కొత్త ఒప్పందం రాయించండి.