తెడ్ల పడవలో మస్కీ వేటా? గాలం రాడ్ కొస చూస్తూ ఉండండి
అమెరికాలోని విస్కాన్సిన్ సరస్సుల్లో అక్టోబర్‌లో మస్కీల (వేటాడి తినే పెద్ద చేపల) కోసం వెళ్లే మనవాళ్లకి ఒక మాట: మోటార్ ఆపేసి, తెడ్లు వేస్తూ పెద్ద క్రాంక్‌బైట్‌ని (చేపలా ఉండే కృత్రిమ ఎరని) పడవ వెనక లాగి చూడండి, తెడ్డు వేసిన ప్రతిసారీ ఎర ముందుకు ఉరికి మళ్లీ నెమ్మదిస్తుంది, ఒకే వేగంతో పోయే మోటార్‌తో ఆ కదలిక రాదు. నీటి మొక్కల అంచు వెంబడే, అప్పుడప్పుడు వంపు తిరుగుతూ వెళ్లండి. రాడ్‌ని హోల్డర్‌లో పెట్టి దాని కొస మీదే కన్నేసి ఉంచండి. ఎర సరిగ్గా కదులుతుంటే కొస వణుకుతూ ఉంటుంది. ఆ వణుకు ఆగిందంటే చాలాసార్లు ఎరకి నాచు పట్టినట్టే, వెంటనే లాగి శుభ్రం చేయాలి, లేకపోతే ఎంతసేపు తెడ్లు వేసినా వృథా. మస్కీ పళ్లు చాలా పదును, దారం తెగకుండా లీడర్ (ఎరకి ముందు కట్టే గట్టి తీగ) తప్పనిసరి. పొడవు ముక్కు పటకారు, పెద్ద వల చేతికి అందేలా పెట్టుకోండి. చేప పడ్డాక వల నీళ్లలోనే ఉంచి గాలం తీయండి, ఫొటో కోసం ఎక్కువసేపు పైకి ఎత్తొద్దు, దయచేసి. అంత పెద్దది కావడానికి దానికి ఏళ్లకేళ్లు పడుతుంది.