ట్యాపెట్ కవర్ దగ్గర మొదలైన ఆయిల్ లీకు

కడపలో మా ఇంటి ముందు పరచిన నల్లటి కడప బండల మీద ఆయిల్ చుక్కలు కంటికి ఆనవు కాబట్టి, డిప్‌స్టిక్ మీద మట్టం కనిష్ఠ గుర్తుకు దిగేవరకు కారులో లీకు ఉందన్న సంగతే నాకు తెలియలేదు. రాత్రి ఇంజను కింద తెల్లటి అట్ట పరిస్తే, తెల్లవారేసరికి దాని మీద నాలుగు మరకలు పడ్డాయి. మెకానిక్ చూసి, వెనుక క్రాంక్ సీలు (ఇంజను వెనుక తిరిగే ఇరుసు చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రింగు) పోయిందని, గేర్‌బాక్సు దించాలని చెప్పారు. అంత పెద్ద పనికి ఒప్పుకునే ముందు, ఆయిల్ పైనుంచి కిందికి జారుతుంది గనుక, తడి ఉన్నవాటిలో అన్నిటికంటే ఎత్తైన చోటు ఏదో తేల్చుకోవాలనుకున్నాను. చల్లారిన ఇంజనును డీగ్రీజర్‌తో శుభ్రంగా తుడిచి, ఆరాక అతుకుల వెంట టాల్కం పౌడరు పలుచగా అద్ది, రాజంపేట రోడ్డులో 20 కిలోమీటర్లు నడిపి తెచ్చాను. పౌడరు మీద తడి చార, ఇంజను పైభాగాన్ని మూసే ట్యాపెట్ కవర్ వెనుక అంచు నుంచే మొదలైంది.

కవరు విప్పితే, ఏళ్ల తరబడి ఇంజను వేడికి గట్టిపడిన రబ్బరు ప్యాకింగ్ చేతిలోనే విరిగిపోయింది. కొత్తది వేసి, బోల్టులను మధ్య నుంచి అంచులకు రెండు విడతలుగా, కంపెనీ పుస్తకంలో చెప్పిన మేరకే బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించాను. లీకు ఆగాలని అతిగా బిగిస్తే కవరే వంగి లీకు పెరుగుతుంది. ఇంజను లోపల చేరే వాయువులను బయటికి వదిలే పీసీవీ వాల్వు మూసుకుపోతే ఇంజను లోపలి ఒత్తిడి కొత్త ప్యాకింగ్‌ను కూడా పాడుచేస్తుంది కాబట్టి దానినీ మార్చాను. 1,000 కిలోమీటర్లు తిరిగాక కూడా అట్ట తెల్లగానే ఉంది.