ఉత్తరపు గాలి పడిపోయాక: కల్లాల్లో మిర్చి ఉన్నవారికి జాగ్రత్తలు

శీతల వాతాగ్రం (వెచ్చని గాలిని నెట్టుకుంటూ వచ్చే చల్లగాలి ముందు అంచు) గుంటూరు, విజయవాడల దాకా రాదు. అయితే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఉత్తర భారతం మీదుగా వెస్టర్న్ డిస్టర్బెన్స్ (పడమటి నుంచి వచ్చే వాన మబ్బుల వ్యవస్థ) తూర్పుకు దాటిపోయాక దాని వెనుక దిగే పొడి చల్లగాలి, ఒక్కోసారి తెలంగాణ మీదుగా మన కల్లాల వరకూ చేరుతుంది.

గాలి మొదలైన రాత్రే చాలామంది కంగారుపడతారు. నా దృష్టిలో ఆ రాత్రి చలి ఎంత వేసినా కాయకు పెద్ద ప్రమాదం లేదు. కదిలే గాలి నేల దగ్గరి చల్లదనాన్ని పైనున్న వెచ్చదనంతో కలుపుతూనే ఉంటుంది, పైగా అందులో తేమ తక్కువ. రెండు మూడు రోజులకు ఆ గాలి పడిపోయి, తూర్పు గాలి బంగాళాఖాతం తేమను మోసుకొచ్చి, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి గురించే జాగ్రత్తపడాలి. అప్పటికే చల్లబడిన నేల మీద ఆ తేమ మంచుగా దిగుతుంది, ఎండిన కాయ దాన్ని పీల్చుకుని మెత్తబడి రంగు చెడుతుంది.

ఆ రాత్రిని ముందే పసిగట్టడానికి సాయంత్రం 6 గంటలకు ఫోన్‌లో డ్యూ పాయింట్ (గాలిలోని తేమ మంచుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) చూడండి. అది 18 డిగ్రీలు ఉండి, తెల్లవారుజాము కనిష్ఠం కూడా 18 దరిదాపుల్లో ఉంటుందని చెబితే, గాలి లేనప్పుడు మంచు దాదాపు ఖాయం. రెంటికీ నాలుగైదు డిగ్రీల తేడా ఉన్నా పూర్తిగా నిశ్చింత పడకండి, ఎందుకంటే ఆ ఉష్ణోగ్రతను కొలిచేది మనిషి ఛాతీ ఎత్తున; పట్టా పరిచిన నేల అంతకంటే చల్లగా ఉంటుంది. విజయవాడ పేరిట వచ్చే అంకె మీ పొలానిది కాదన్న సంగతి సరేసరి. పొద్దుగూకాక పొయ్యి పొగ పైకి లేవకుండా ఇళ్ల మీద చాపలా పరచుకుంటే గాలి నిలిచిపోయినట్టే. గాలి తీరు చూపే వాతావరణ మ్యాపులు చూసేవారు వాటి మీద యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని ఉంటే, మన సమయం కోసం 5 గంటల 30 నిమిషాలు కలుపుకోవాలి.

చీకటి పడకముందే కాయను కుప్ప చేసి పట్టా కప్పండి. సగం ఎండిన కాయను మాత్రం గాలి ఆడకుండా బిగించవద్దు; లోపలి ఆవిరి పట్టా అడుగున చుక్కలు కట్టి మళ్లీ కాయ మీదే పడుతుంది. తెల్లారి ఎండెక్కేసరికి పైగాలి కిందికి దిగి గాలి విసురు పెరుగుతుంది కనుక అంచుల మీద ఇసుక బస్తాలు ఉంచాలి. బండి సీటు మీద మంచు ఆరిన తరువాతే పట్టా తీయాలి.