సిబ్బంది చాలనప్పుడు ప్రజారోగ్య తనిఖీలు నడిపే పద్ధతి

మంజూరైన పది పోస్టుల్లో నాలుగు ఖాళీగా ఉన్నప్పుడు, మిగిలిన ఆరుగురికీ పదిమంది పని పంచిపెట్టడం పెద్ద పొరపాటు. అలా చేస్తే కాగితం మీద తనిఖీల సంఖ్య తగ్గదు గానీ, ఒక్కో చోట గడిపే సమయం గంట నుంచి పావుగంటకు పడిపోతుంది. ఈ ఏడాది ఏవి తప్పక చూడాలో, ఏవి చూడలేమో ముందే తేల్చుకోవడం మేలు.

మొదట చేతిలో ఉన్న రోజులు లెక్కవేయండి. సెలవులు, శిక్షణ పోగా ఒక ఇన్‌స్పెక్టరుకు ఏడాదికి 220 పనిదినాలు మిగులుతాయనుకుందాం. ఫిర్యాదులకు, కోర్టు వాయిదాలకు, రికార్డులకు మూడోవంతు పోతే దాదాపు 145 రోజులుంటాయి. ప్రయాణంతో సహా రోజుకు రెండు చోట్ల శ్రద్ధగా చూడగలిగితే 290 తనిఖీలు, ఆరుగురికి 1,740. జాబితాలో 3,000 సంస్థలుంటే అన్నింటినీ ఏడాదిలో చూడటం కుదరదని ఈ లెక్కే చెబుతుంది.

తరువాత సంస్థలను ప్రమాదాన్ని బట్టి వరుసలో పెట్టండి. పసిపిల్లలకు, వృద్ధులకు, రోగులకు వండిపెట్టే వంటశాలలు, వండినదాన్ని చల్లార్చి మళ్లీ వేడిచేసే చోట్లు, తాగునీటి సరఫరా, లెజియోనెల్లా (నీటి తుంపరల ద్వారా ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే బాక్టీరియా) పెరగడానికి వీలున్న కూలింగ్ టవర్లు, గతంలో నోటీసులు అందుకున్నవి ముందుండాలి. సీలువేసిన సరుకు మాత్రమే అమ్మే దుకాణాల వంతు ఆలస్యమైనా పెద్దగా ముప్పులేదు. అయితే చట్టం గడువు విధించిన తనిఖీలను మీ అంతట మీరు వాయిదా వేయకూడదు.

వెళ్లిన చోట ముందు కార్యాలయ గదిలో కూర్చోకుండా, పని జరుగుతున్న వేళకే వెళ్లి నేరుగా పని జరిగే చోటికి నడవండి. చల్లారుతున్న పెద్ద పాత్రలో థర్మామీటరును అంచున కాక నడిమధ్యకు దించాలి. పైపొర చల్లబడినా, బాక్టీరియా వేగంగా పెరిగే 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య లోపలి భాగం గంటల తరబడి ఉండిపోవచ్చు. నీటి సరఫరాలో మిగులు (శుద్ధి చేశాక నీటిలో ఇంకా మిగిలి ఉండే) క్లోరిన్‌ను మీరే కొలవండి, ఆ తరువాతే రిజిస్టరు తెరవండి. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్‌లో కలుషిత నీటివల్ల ఏడుగురు మరణించారు, రెండువేల మందికి పైగా జబ్బుపడ్డారు. అక్కడి సిబ్బంది క్లోరిన్‌ను కొలవకుండానే రోజూ దాదాపు అవే అంకెలు రాస్తూ వచ్చారని, ప్రభుత్వం చేసిన నిధుల కోత వల్ల అలాంటివి తనిఖీల్లో బయటపడే అవకాశం తగ్గిందని విచారణలో తేలింది. నిజంగా కొలిచిన అంకెలు రోజురోజుకూ కొంతైనా మారతాయి కాబట్టి, నెలంతా ఒకే అంకె కనిపిస్తే ఆ రిజిస్టరును నమ్మకండి.

ఫిర్యాదులను ఫోనులోనే వడపోయవచ్చు. ఒకేచోట తిన్న ఇద్దరు జబ్బుపడ్డారని తెలిస్తే మాత్రం ఆ రోజే వెళ్లాలి. సమాచార నమోదు, గడువు గుర్తుచేసే లేఖలు సహాయకులకు అప్పగించండి. మూసివేత వంటి నిర్ణయాలు శిక్షణ పొందినవారివే. బెదిరింపులు ఎదురైన చోటికి, ఎంత కొరత ఉన్నా, ఒక్కరినే పంపకండి. అలా పంపితే ఉన్న అనుభవజ్ఞులూ వెళ్లిపోతారు.

చూడలేకపోయిన సంస్థలకు వేరే రిజిస్టరు పెట్టి, మూడు నెలలకోసారి నియామకాధికారికి లేఖ రాయండి. ప్రతి సంస్థ చివరి తనిఖీ తేదీ, దాని ప్రమాద స్థాయి, ఏ పోస్టు ఎన్ని నెలలుగా ఖాళీగా ఉందో అందులో ఉండాలి. లేఖ అందినట్టు సంతకం తీసుకొని ఫైలులో భద్రపరచండి.